ముందు మాట, తర్వాతే రాత

టీచర్ గారూ, మీ మూడో తరగతి పిల్లలు బోర్డు మీదది ముత్యాల్లా ఎక్కించుకుంటారు, ‘సొంతంగా రెండు వాక్యాలు రాయండి’ అంటే మాత్రం పెన్సిల్ పట్టుకుని కూర్చుంటారు అన్నారు కదా. లోపం చేతిలో లేదు. రాతకు ముందు జరగాల్సిన మాటలు జరగడం లేదు.

రేపు ‘ఆవు’ గురించి రాయమనకండి. ‘బడికి వస్తుంటే దారిలో ఏం చూశారు?’ అని అడగండి. ఒకరు ‘మా వీధిలో కుక్క పిల్లల్ని పెట్టింది’ అంటారు. ఎన్ని పిల్లలు, ఏ రంగు, తల్లి దగ్గరికి రానిచ్చిందా అని మిగతావాళ్ళను అడగనివ్వండి. పది నిమిషాలు చాలు. ఆ మాటలనే మీరు బోర్డు మీద రాయండి. ‘కుక్క మా మీదికి ఉరికింది’ అంటే అలాగే రాయండి, ‘పరుగెత్తింది’ అని మార్చొద్దు. ఇంటి మాట బోర్డు మీద కనిపిస్తే పిల్లలకు వచ్చే ధైర్యం వేరు. అందరూ కలిసి చదివాక చెరిపేసి, ఎవరి వాక్యాలు వాళ్ళను రాసుకోమనండి. చెరపకపోతే మళ్ళీ చూచిరాతే అవుతుంది.

రోజూ ఒక కథ పైకి చదవండి. సగంలో ఆపి ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగండి. ఒక్కోసారి ఆ జవాబే ఆ రోజు రాత.

వత్తులు, దీర్ఘాల గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. ‘అమ్మ’ను ‘అమ’ అని రాసినా, వాళ్ళు చెప్పిన విషయాన్ని ముందు మెచ్చుకోండి. పేజీ అంతా ఎర్ర ఇంకు కనిపిస్తే, మర్నాటి నుంచి తప్పు రాదనుకున్న మూడు మాటలే రాస్తారు. ఎక్కువమంది చేసిన తప్పు ఒక్కటి తీసుకుని మర్నాడు అందరికీ కలిపి చెప్పండి.