బ్రిటన్‌లో వెనుక బెంచీ ఎంపీ (మంత్రి పదవి గానీ, పార్టీ ప్రతినిధి బాధ్యత గానీ లేని సభ్యుడు) ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలా?

సభ స్వీకరించిన ప్రశ్నకు జవాబు రావాల్సిందే, కానీ అడిగిన సమాచారమంతా ఇవ్వాలని లేదు. మంత్రి తన శాఖ బాధ్యతలో ఉన్నవాటికే జవాబుదారీ. వివరాలు సేకరించడానికి 850 పౌండ్లు దాటేలా ఉంటే, ఖర్చు ఎక్కువని చెప్పి తప్పుకోవచ్చు కూడా. కోర్టు విచారణలో ఉన్న కేసుల జోలికి మామూలుగా వెళ్లనివ్వరు.

ఉదాహరణకు, ఇంగ్లండ్‌లో ఒక ఎంపీ తన ఊళ్లో పోలీస్ స్టేషన్ ఎందుకు మూసేశారని అడిగితే, హోం శాఖ నుంచి సాధారణంగా వచ్చే మాట: అది స్థానిక పోలీసు అధిపతి చూసుకోవాల్సిన విషయం. స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఆసుపత్రిలో నిరీక్షణ గురించైతే అడగాల్సింది అసలు లండన్‌లో కాదు, స్కాట్లండ్ పార్లమెంటు ఉన్న ఎడిన్‌బరోలో. స్కాట్లండ్‌లో ఆరోగ్యం, పోలీసు, న్యాయం 1999 నుంచి అక్కడి ప్రభుత్వం చేతిలో ఉన్నాయి.

ప్రశ్నలంటే బుధవారం మధ్యాహ్నం ప్రధానిని నిలదీయడమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం రాతపూర్వకంగానే నడుస్తాయి. ఫలానా తేదీకల్లా జవాబు కావాలనే ప్రశ్నలు ఒక ఎంపీ రోజుకు 5 వేయవచ్చు. ఆ తేదీకి ఒక్కోసారి వచ్చేది మాత్రం ‘త్వరలో చెబుతాం’ అన్న ముక్కే.