జపాన్ వాళ్ళ అనిమే మిగతా కార్టూన్ల కంటే ఎందుకు వేరుగా అనిపిస్తుంది?

నన్నడిగితే పెద్ద పెద్ద కళ్ళు కాదండీ అసలు తేడా, బొమ్మని ఎక్కడ కదపాలి ఎక్కడ ఆపాలి అన్న లెక్కలో ఉంది. 1963లో ఒసాము తెజుకా ఆస్ట్రో బాయ్‌ని టీవీకి తెచ్చినప్పుడు వారం వారం ఎపిసోడ్ ఇవ్వాలి, డబ్బులేమో అంతంతమాత్రం. సెకనుకి 24 ఫ్రేములుంటే వీళ్ళు ఒక్కో బొమ్మని మూడేసి ఫ్రేములు నిలబెట్టి 8 బొమ్మలతోనే లాగించేవాళ్ళు, గీసిన షాట్లు దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళు, మాట్లాడేటప్పుడు చాలాసార్లు నోరు ఒక్కటే కదిలేది. పిసినారితనమే, కానీ తర్వాత వచ్చినవాళ్ళు దాన్నే స్టైల్ చేసేశారు. ఫైట్‌లో కత్తి దూసిన క్షణం బొమ్మ ఆగిపోతుంది, కెమెరా దాని మీదుగా జరుగుతుంది, వెనక గీతలు పరిగెడుతుంటాయి, టెన్షన్ మనకి.

2001లో మియజాకి తీసిన స్పిరిటెడ్ అవేలో రైలు సీన్ చూడండి. కథలోని అమ్మాయి చిహిరో సీట్లో ఊరికే కూర్చుంటుంది, పక్కన నో ఫేస్ అనే ముసుగు ఆత్మ, కిటికీ బయట అంతా నీళ్ళు, నీడల్లాంటి ప్రయాణికులు ఒక్కో స్టేషన్‌లో దిగిపోతుంటారు, డైలాగ్ దాదాపు లేదు. పిల్లలు కూడా చూసే సినిమాలో అంతసేపు ఏమీ జరగనివ్వకుండా ఉంచాలంటే గుండె ధైర్యం కావాలి. ఆస్కార్ కూడా వచ్చిందిలెండి.

ఇంకోటి, జపాన్‌లో ఇది పిల్లలకే అని గిరి గీసుకోలేదు. మాంగాల్లో, అంటే అక్కడి బొమ్మల కథల పుస్తకాల్లో, యుద్ధం, వంట, వాలీబాల్, ఆఫీసు గొడవలు అన్నీ ఉంటాయి కాబట్టి అవన్నీ తెర మీదకి వచ్చేస్తాయి. అన్నట్టు జపాన్ దర్శకుడు యుగో సాకో, మన యానిమేటర్ రామ్ మోహన్ వాళ్ళు కలిసి చేసిన రామాయణం కూడా ఉంది, 2025లో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలో వేశారు.