చేతి మీద టాటూ, వచ్చే వారం ఇంటర్వ్యూ

ప్రశ్న: మణికట్టు మీద అమ్మ పేరు, ఆమె చేతిరాతలోనే టాటూ వేయించుకున్నాను. రెండు వారాల క్రితం కనుబొమ్మకు రింగు కుట్టించుకున్నాను. వచ్చే వారం ఇంటర్వ్యూ, ఒకటే టెన్షన్. తీసేయాలా?

జవాబు: అమ్మ పేరు చూసి మీ పనితనాన్ని తక్కువ చేస్తే తప్పు వాళ్లదే. అయినా ఎదుటివాళ్లు ఎలాంటివాళ్లో తెలియదు కదా, ఆ రోజుకి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, చాలు. లేజర్ మాట మాత్రం వద్దు, సిరా చర్మం లోపలి పొరలో ఉంటుంది కాబట్టి ఒక్కసారికి పోదు, వారాల ఎడంతో చాలాసార్లు తిరగాలి, అప్పటికీ మచ్చ మిగలొచ్చు. రింగు ఇప్పుడే తీస్తే రంధ్రం పూడుకుపోతుంది, మానడానికే 6 నుంచి 8 వారాలు పడుతుంది. వంటగదిలోనో ఆపరేషన్ థియేటర్‌లోనో తీయమంటే అది శుభ్రత కోసం, వినాల్సిందే. మిగతా చోట్ల, ఉద్యోగం ఖాయమయ్యాక సంతకం పెట్టేముందు డ్రెస్ కోడ్ ఏమిటో నేరుగా అడిగేయండి.