డబ్బాలోని చిల్లర ఆపదలో ఆదుకోదు

ప్రశ్న: మాది చంద్రగిరి. నాలుగేళ్లుగా కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాను. ఆపదకు పనికొస్తుందని రోజూ మిగిలిన చిల్లరను మంచం కింద పాల డబ్బాలో వేస్తూ వచ్చాను. మొన్న లెక్కపెడితే 58 దీనార్లు తేలాయి. బరువు ఐదు కిలోల దాకా ఉంది. వచ్చే నెల సెలవుకు వస్తున్నాను. ఈ నాణేలను నోట్లుగా ఎలా మార్చుకోవాలి? తిరుపతిలో మారుస్తారా? హుండీలో వేసేద్దామని మా ఆవిడ అంటోంది. నిరుడు అమ్మ ఆపరేషన్‌కు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షలు ఇంకా తీరలేదు. సెలవు ఖర్చులకు అక్కడే మరో లక్ష తీసుకోవచ్చా? ఇంటి ఖర్చు నెలకు 22 వేలు. మా ఆవిడకు ఆరు సవర్ల గొలుసు ఉంది.

జవాబు: నాణేల గురించి ఇంత వివరంగా రాసిన మీరు అప్పు గురించి రెండు వాక్యాలే రాశారు. నన్ను కలవరపెట్టినవి ఆ రెండు వాక్యాలే. అయినా మీకు నెల రోజులే వ్యవధి ఉంది కాబట్టి ముందు నాణేల సంగతి తేల్చేద్దాం.

వాటిని ఇక్కడికి మోసుకురావద్దు. తిరుపతిలోనైనా, చెన్నైలోనైనా విదేశీ డబ్బు మార్చేవాళ్లు నోట్లే తీసుకుంటారు. విదేశీ నాణేలు ఇంట్లో ఎన్ని ఉంచుకున్నా మన చట్టం అడ్డు చెప్పదు, కానీ వాటిని కొనేవారు దొరకరు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో బీరువా అడుగున ఇలాంటి మూటలు చాలా చూశాను. అవి పిల్లల ఆటకు తప్ప మరి దేనికీ పనికిరాలేదు.

మార్చుకోవలసింది కువైట్‌లోనే. అక్కడ అన్నింటికన్నా చిన్న నోటు పావు దీనారు. అంతకంటే తక్కువవన్నీ, 5 ఫిల్సుల నుంచి 100 ఫిల్సుల దాకా (దీనారుకు వెయ్యి ఫిల్సులు), నాణేలే. అందుకే చిన్న కొట్లవాళ్లకు చిల్లరతో రోజూ పని పడుతుంది. నాణేలను రకాలవారీగా వేరుచేసి, ఐదేసి దీనార్ల పొట్లాలు కట్టి, మీరు రోజూ సరుకులు కొనే బకాలాలో, అంటే కిరాణా కొట్లో, రద్దీ లేని వేళ అడిగి చూడండి. అంతా ఒకే కొట్లో కుమ్మరించకుండా నాలుగైదు చోట్ల, వారానికి కొంత చొప్పున ఇవ్వండి. మిగిలినవాటి గురించి మీ జీతం పడే బ్యాంకు శాఖలో విచారించండి. నోట్లు చేతికొచ్చాక వాటిని విడిగా పంపవద్దు. ఆ నెల ఇంటికి పంపే మొత్తంలో కలిపితే రుసుము ఒక్కసారే పడుతుంది.

హుండీ విషయానికి వస్తే, శ్రీవారికి మొక్కుకుని ఉంటే ముడుపు కట్టి తప్పకుండా సమర్పించండి. మార్చుకోవడం కష్టమని వేసేయాలనుకుంటే మాత్రం అది మొక్కు కాదు, మీ చెమట విలువ మరిచిపోవడం.

ఇక అసలు మాట. ఆ డబ్బాను మీరు ఆపదకు దాచిన సొమ్ము అనుకున్నారు. అమ్మను ఆస్పత్రిలో చేర్చిన రాత్రి ఆ డబ్బా ఎక్కడుంది? కువైట్‌లో, మంచం కింద. మీ ఆవిడ ఎక్కడున్నారు? చంద్రగిరిలో, వడ్డీకిచ్చే మనిషి గుమ్మం ముందు. ఇంట్లోవాళ్ల చేతికి ఒక్క రోజులో, ఒక్క రూపాయి తరుగు లేకుండా అందేదే ఆపద సొమ్ము. అలా అందనిది ఎంత ఉన్నా ఆ రాత్రికి లేనట్టే. దూరదేశాల్లో కష్టపడేవాళ్లలో ఈ పొరపాటు నాకు పదేపదే కనిపిస్తుంది. దాచుకోవడం వాళ్లకు బాగా తెలుసు. ఆపద వచ్చేది తమకు కాదనీ, ఊళ్లో ఉన్న ఇంటికనీ మాత్రం ఆలోచించరు.

దీనారుకు 270 రూపాయలు వేసుకుంటే మీ 58 దీనార్లు 15,660 రూపాయలు. మీ అప్పుకు వడ్డీ నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. నాలుగేళ్లు పైసా పైసా కూడబెట్టిన చిల్లర మూడు నెలల వడ్డీకి చాలదు. వడ్డికాసులవాడి కొండ కింద పుట్టి పెరిగినవాళ్లం, వడ్డీ ఎంత బరువో మనకు ఒకరు చెప్పాలా? అలాంటిచోట మరో లక్ష, అదీ సెలవు ఖర్చులకు! అమ్మ ప్రాణం కోసం చేసిన అప్పును నేను తప్పుపట్టను. బంధువులకు పంచే సెంటు సీసాలకూ, కొత్త బట్టలకూ, విందులకూ నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టడాన్ని ఒప్పుకోను. ఆ లక్షకు నెలకు ఇంకో మూడు వేలు కట్టాలి. దయచేసి వద్దు. చేతిలో ఉన్నదానితోనే రండి. చాలకపోతే సెలవు రెండు వారాలు తగ్గించుకోండి.

పాత అప్పును మోయడానికీ దారి ఉంది. మీ ఆవిడ ఒప్పుకుంటే గొలుసును ప్రభుత్వ రంగ బ్యాంకులో తాకట్టు పెట్టి, ఆ రెండు లక్షలు ఒక్కసారిగా తీర్చేసి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. అక్కడ వడ్డీ మీరిప్పుడు కడుతున్నదానిలో మూడో వంతు కూడా ఉండదు. నెలకు నాలుగు వేలైనా మిగులుతుంది.

ఆ నాలుగు వేలను, ఈ చిల్లర సొమ్ముతో కలిపి, మీ ఆవిడ పేరున విడిగా ఒక పొదుపు ఖాతాలో వేయండి. రోజువారీ ఖర్చుల ఖాతా వేరు, ఇది వేరు. రెండు నెలలు తిరిగేసరికి ఒక నెల ఇంటి ఖర్చు, 22 వేలు, అందులో ఉంటుంది. ఆ తర్వాత మిగిలేదాన్ని బంగారు రుణం అసలుకు కట్టండి, గడువు దాటనివ్వకండి. గొలుసు ఇంటికి చేరాక మళ్లీ ఈ ఖాతా నింపడం మొదలుపెట్టి, ఆరు నెలల ఖర్చు, అంటే 1,32,000 రూపాయలు, అయ్యేదాకా ఆపకండి. అప్పటిదాకా స్థలాలు, చీటీలు, షేర్ల మాట తలపెట్టవద్దు.

మీరు ఈసీఆర్ పాస్‌పోర్టు (కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన రకం) మీద వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసుకునే ఉంటారు. అది 10 లక్షల ప్రమాద బీమా, రెండేళ్లకో మూడేళ్లకో గడువు తీరుతుంది. నాలుగేళ్లయింది కాబట్టి సెలవుకు వచ్చినప్పుడు ఆ కాగితం తీసి తేదీ చూసుకోండి.