అమ్మాయికి కేసినోలో ఉద్యోగం వచ్చింది, పంపాలా?

ప్రశ్న: మేం బెంగళూరు హొరమావులో ఉంటాం. మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చివరి సంవత్సరం చదువుతోంది. గోవాలోని ఒక కేసినో ట్రైనీ డీలర్‌గా తీసుకుంటామంది. పేకాట దగ్గర ఉద్యోగమంటే చుట్టాలకు ఏం చెప్పాలో తోచడం లేదు. అసలు ఇందులో భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి

జవాబు: చుట్టాలకు హోటల్ లైన్ అని చెప్పండి, అబద్ధమేం కాదు. పని కూడా చట్టబద్ధమే. గోవా 1992లో ఐదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మెషీన్లకు (డబ్బు వేసి ఆడే జూదపు యంత్రాలు), 1996లో ఓడల మీద కేసినో ఆటలకు అనుమతిచ్చింది. మాండవి నది మీది ఆ ఓడలెక్కేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు. అక్కడ తెలుగు రావడం మీ అమ్మాయికి కలిసొచ్చే విషయమే.

డీలర్ అంటే బల్ల దగ్గర ఆట నడిపించే మనిషి. పేకాట ఆడదు, లెక్కలు చేస్తుంది. తిరిగే చక్రంలో గోళీ ఏ అంకె దగ్గర ఆగుతుందో పందెం కాసే రూలెట్‌లో ఒక్క అంకె మీద కాసి గెలిస్తే 35 రెట్లు, రెండంకెల మధ్య కాస్తే 17 రెట్లు ఇవ్వాలి. బల్ల చుట్టూ అందరూ తలోచోట కాస్తే ఆ గుణకారాలన్నీ క్షణాల్లో నోటితో చేసి చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) తోయాలి. పైన కెమెరా చూస్తూనే ఉంటుంది. బల్ల వదిలేటప్పుడు చేతిలో ఏమీ లేదని అరచేతులు తిప్పి చూపించాకే కదలాలి. లక్షలు పోగొట్టుకున్నవాడు విసుక్కున్నా ముఖంలో మార్పు రాకూడదు. పైగా రాత్రి షిఫ్టులు. రాత్రి మేలుకోలేని పిల్ల అయితే ఇక్కడితో వదిలేయండి.

నా టెన్షన్ పరువు గురించి కాదు, ప్రభుత్వాల గురించి. కేసినోల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరులో 40కి చేరింది. ఓడల్ని మాండవి నుంచి తరలిస్తామన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. 2020 నుంచి గోవా స్థానికులకే వాటిలో ఆడే వీల్లేదు. ఇక 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం నిషేధించగానే మన బెంగళూరులోనే ఎంతమంది ఉద్యోగాలు పోయాయో మీరు చూసే ఉంటారు.

అందుకే డిగ్రీ చేతికొచ్చాకే చేరమనండి. బాండ్ ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, వసతి ఎవరిది, రాత్రి షిఫ్టు అయ్యాక ఇంటికి ఎవరు దింపుతారు, టిప్స్ ఎలా పంచుతారు... ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. ఒకట్రెండేళ్లు బల్ల దగ్గర చేశాక గెస్ట్ రిలేషన్స్‌కో, సర్వైలెన్స్‌కో (కెమెరా నిఘా విభాగం) మారే దారి ఉందా అని ఇప్పుడే అడగమనండి. సింగపూర్‌లో 2010లో వచ్చిన రెండు కేసినో రిసార్టులైనా, కొలంబోలో 2025లో కేసినో తెరిచిన సిటీ ఆఫ్ డ్రీమ్స్ అయినా హోటల్, షాపులు, సమావేశ మందిరాలతో కలిపి నడిచేవే. ఆటల హాలొక్కటే తెలిసినవాళ్లకంటే హోటల్ పని కూడా తెలిసినవాళ్లకు అక్కడ దారులెక్కువ.

కాంబోడియా, మయన్మార్ కేసినోల్లో ఉద్యోగమంటూ ఏ ఏజెంటైనా ఫోన్ చేస్తే మాత్రం నమ్మకండి. విదేశాల్లో ఉద్యోగమన్న మాటలు నమ్మి కాంబోడియా వెళ్లి సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కిన ఆంధ్రా కుర్రాళ్ల కథ 2024లో విశాఖ పోలీసుల కేసుల్లో బయటపడింది. విదేశీ ఆఫర్ ఏదొచ్చినా, ఆ ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూశాకే పాస్‌పోర్ట్ కాపీ ఇవ్వండి.