పక్కన నాన్న ఉన్నంతసేపూ బాగానే నడుపుతాడు

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. ఈ మధ్య ఓ ఆదివారం సాయంత్రం కారు తీద్దామని కూర్చుంటే డ్రైవర్ సీటు బాగా ముందుకి జరిపి ఉంది, లోపలి అద్దం కిందికి వంచి ఉంది. మావారు ఆరడుగుల మనిషి. అడిగితే తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన వాడికి డ్రైవింగ్ నేర్పిస్తున్నారట. జనం లేని రోడ్ల మీదేనట. "అమ్మకి చెప్పకు, కంగారు పడుతుంది" అన్నారట. "నేను పన్నెండేళ్లకే నడిపాను, నాకేమైంది? లైసెన్స్ వచ్చేనాటికి వాడి చెయ్యి తిరిగి ఉంటుంది" అంటారు. మొన్న ఆయన నిద్రపోతుంటే వాడు తాళాలు తీసుకుని, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఆయన తిట్టారు గానీ లోపల కాస్త మురిసిపోయినట్టే అనిపించింది. నేను వద్దంటే "నీకు అన్నిటికీ భయమే" అని ఇద్దరూ నవ్వుతారు. నిజంగా నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదు. అయితే మీ గొడవ నడుస్తున్న తీరు చూస్తే మీరే ఓడిపోయేలా ఉన్నారు. "వాడు చిన్నవాడు, నడపలేడు" అని మీరంటారు, "చూడు ఎంత బాగా నడుపుతున్నాడో" అని ఆయనంటారు. ఆయన మాటే నిజం. క్లచ్, గేరు, స్టీరింగ్ ఈ వయసు పిల్లలకి మనకంటే తొందరగా పట్టుబడతాయి. కాబట్టి ఆ మాట మీరే ముందు ఒప్పేసుకోండి. వాడికి కారు నడపడం వచ్చు. వాదించడానికి ఇంక అక్కడేమీ మిగలదు.

వాడికి ఇంకా రానిది రోడ్డుని చదవడం. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు అడ్డం వస్తారేమోనని ముందే కాలు బ్రేకు మీదికి పోవాలి. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. మనిషిని చూసి, గ్రహించి, బ్రేకు తొక్కేలోపే ఆ దూరం అయిపోతుంది. ఆ ముందుచూపు జనం లేని రోడ్డు మీద ఎలా వస్తుంది? పైగా "ఆగు, ఇప్పుడు వద్దు" అని తొందరని అదుపులో పెట్టే మెదడు భాగం ఇరవై దాటాక కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. వీధి చివరిదాకా వెళ్లి రావాలన్న సరదా పుట్టినప్పుడు వాడికి లేనిది ధైర్యం కాదు, ఆ అదుపు.

"నేను పక్కనే ఉన్నాను, ఏమైంది?" అని మీవారు మళ్లీ అంటారు. ఏమీ కాదు. కొత్త డ్రైవర్ల విషయంలో చాలా దేశాల్లో బయటపడింది కూడా అదే. పెద్దవాళ్లు పక్కన కూర్చున్నంతకాలం ప్రమాదాలు చాలా తక్కువ. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ఎక్కువ. పక్కన సాటి పిల్లలుంటే ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో ఆ ఒంటరి డ్రైవింగ్ 14 ఏళ్లకే మొదలైపోయింది, పక్క సీట్లో చెల్లెలు కూడా ఉంది. ఆయన నేర్పకపోతే వాడు తాళాలు ముట్టుకునేవాడా? నేర్పు వస్తే ప్రమాదం తగ్గుతుందనుకోవడం సహజమే గానీ, అన్నిసార్లూ అలా జరగదు. జారే రోడ్డు మీద కారుని అదుపు చేయడం నార్వేలో ఒకప్పుడు ప్రత్యేకంగా నేర్పితే, కుర్రాళ్లకి అదుపు కంటే ధీమా ఎక్కువ వచ్చి, అలాంటి రోడ్ల మీద ప్రమాదాలు పెరిగాయి.

మీరు గమనించిన సీటు సంగతి కూడా చిన్నదేం కాదు. కాళ్లు అందడానికి సీటు ముందుకి లాక్కుంటే ఛాతీ స్టీరింగ్‌కి దగ్గరవుతుంది. స్టీరింగ్ మధ్యభాగానికీ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే దగ్గరైతే, విచ్చుకునే ఎయిర్‌బ్యాగే గాయం చేయొచ్చు. ఇంకొకటి, డ్రైవింగ్ స్కూల్ కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. మీవారి కాళ్ల దగ్గర కార్పెట్ తప్ప ఏమీ లేదు.

ఇక చట్టం. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో 14 ఏళ్లకే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. స్వీడన్‌లో 16 నుంచి పెద్దవాళ్లు పక్కనుండగా నేర్చుకోవచ్చు, జర్మనీలో 17కి పెద్దవాళ్ల తోడుతో నడపొచ్చు. అంటే "ముందు నుంచీ పక్కన కూర్చుని నేర్పాలి" అన్న మీవారి ఆలోచన తెలివితక్కువదేం కాదు. కొన్ని దేశాలు దాన్నే పద్ధతిగా మార్చుకున్నాయి. కాకపోతే అక్కడ దానికో పర్మిట్, షరతులు, ఇన్సూరెన్స్ ఉంటాయి. భారత్‌లో అయితే కారుకి 18 నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "నాకు తెలియకుండా జరిగింది" అని నిరూపించుకునే వెసులుబాటు తల్లిదండ్రులకి ఉంది. పక్క సీట్లో కూర్చుని గేరు మార్చమని చెబుతున్న తండ్రి ఆ మాట ఎలా అనగలడు? లైసెన్స్ తొందరగా చేతికి రావాలని ఆయన చేస్తున్న పని, ఆ లైసెన్సునే ఏళ్ల తరబడి వెనక్కి నెట్టేయొచ్చు. నాకు తెలిసి తండ్రుల్ని ఆలోచింపజేసే మాట ఇదే. భయం గురించి చెప్పకండి, ఇది చెప్పండి.

ఆయనతో మాట్లాడేటప్పుడు పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి. కొడుకు ముందు వెనక్కి తగ్గడం ఏ తండ్రికైనా కష్టం. డ్రైవింగ్ గురించి మాట్లాడాక అసలు సంగతి ఎత్తండి, "అమ్మకి చెప్పకు" అన్నది. నన్నడిగితే కారు కంటే ఇదే పెద్ద విషయం. ఇంట్లో ఒకరికి తెలియకుండా చేస్తే తప్పేం లేదని వాడు నేర్చుకున్నది తండ్రి దగ్గరే. ఆ తర్వాత వాడు అదే పని తండ్రికి తెలియకుండా చేశాడు. దెప్పుతున్నట్టు కాకుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి. వాడికి "ఇక ఆపుతున్నాం" అని చెప్పాల్సింది కూడా ఆయనే. మీరు చెబితే అది అమ్మ భయంగానే మిగిలిపోతుంది.

అలాగని ఆదివారాలు పోగొట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తండ్రీకొడుకులకి దొరికిన ఏకాంతం అదొక్కటేనేమో. ఆయన నడుపుతుంటే వాడు పక్కన కూర్చుని రోడ్డు మీద తనకి కనిపించేదంతా పైకి చెప్పాలి: "ఆ సైకిల్ కుడికి వచ్చేలా ఉంది, వెనక కారు దగ్గరగా ఉంది, సిగ్నల్ మారబోతోంది." డ్రైవింగ్ నేర్పేవాళ్లు నిజంగా వాడే పద్ధతే ఇది. మొదట్లో వాడికి సగం కూడా కనబడవు. వాడు ఏం వదిలేశాడో ఆయన చెబుతుంటే పొగరు కొంత దానంతటదే దిగుతుంది. టైర్లలో గాలి చూడడం, స్టెప్నీ మార్చడం, ఇంజన్ ఆయిల్ చూడడం కూడా నేర్పమనండి. స్టీరింగ్ పట్టుకోవాలన్న తహతహ మరీ ఉంటే గో-కార్టింగ్ ట్రాక్‌కి తీసుకెళ్లొచ్చు. ఒక్క షరతు, ఆయన కూడా నడుపుతూ ఫోన్ ఎత్తకూడదు. వాడు ఇప్పుడు ఆయన చెప్పేది వినడం కంటే చేసేది చూడడమే ఎక్కువ.

తాళాలు కొన్నాళ్లు మీ బ్యాగులో పెట్టుకోండి. దీనికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. వాడు అలిగితే అలగనివ్వండి. ఎన్నాళ్లకి తిరిగి బయట పెడతారో మాత్రం ముందే చెప్పండి, లేకపోతే అది శిక్షలా కాక అనుమానంలా కనిపిస్తుంది. చెల్లెలితో కూడా మాట్లాడండి. అన్నయ్య రమ్మంటే కారెక్కనని చెప్పొచ్చనీ, ఆ మాట మీకొచ్చి చెబితే అది చాడీ కాదనీ ఆ పిల్లకి తెలియాలి.

ఇంకో ఏడాది రెండేళ్లలో వాడి స్నేహితుల్లో ఎవడో ఒకడు ఇంట్లోవాళ్ల బండి తీసుకొస్తాడు. వీడిని ఎక్కమంటాడు. అప్పుడు ఏ వేళైనా ఇంటికి ఫోన్ చేయొచ్చనీ, మీరో ఆయనో వచ్చి తీసుకెళతారనీ వాడితో ఇప్పుడే మాట అనుకోండి. ఆ ఫోన్ వచ్చిన రాత్రి మాత్రం, తిట్టాల్సింది ఎంతున్నా, మర్నాటికి వాయిదా వేయండి.