పి0303 కోడ్ వస్తే నాలుగు కాయిల్స్ మార్చాల్సిందేనా?

వానలో తిరిగొచ్చాక చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందని, స్కానింగ్‌లో పి0303 వచ్చిందని, షెడ్డులో నాలుగు కాయిల్స్ (ప్లగ్గులకి కరెంటు పంపేవి), ప్లగ్గులు, ఒక ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేది) మార్చాలంటున్నారని రాశారు. దయచేసి ఇప్పుడే ఏదీ కొనకండి. ఆ కోడ్ చెప్పేది మూడో సిలిండర్‌లో మిస్సింగ్ ఉందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదని మాత్రమే. అది కాయిల్ వల్లా, ప్లగ్గు వల్లా, ఇంజెక్టర్ వల్లా అన్నది పరీక్ష చేసి తేల్చుకోవాల్సిందే.

పోయిన వానాకాలం నా పెట్రోల్ బండికీ ఇదే కోడ్ వచ్చింది. బేగంపేట దగ్గర నిలిచిన నీళ్ళలోంచి వచ్చాను. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ బండి వణకడం, పికప్ లేకపోవడం. నాకూ మీలాగే పెద్ద లిస్టు చెప్పారు. నేను ఒప్పుకోకుండా ముందు కాయిల్ మార్పిడి పరీక్ష చేశాను.

ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, మూడో సిలిండర్ కాయిల్‌ని రెండో దానిలో, రెండో దాన్ని మూడో దానిలో పెట్టాలి. సాధారణంగా ఒక్కో కాయిల్‌కి ఒక కప్లర్ (వైర్లు వచ్చి తగిలే ప్లాస్టిక్ ముక్క), ఒక బోల్టు ఉంటాయి, అంతే. కప్లర్ లాక్ నొక్కి పట్టుకుని లాగండి, వైర్లు పట్టుకుని లాగకండి. సిలిండర్ల లెక్క ఎక్కువ బండ్లలో టైమింగ్ చైన్ ఉన్న వైపు నుంచి మొదలవుతుంది, అయినా మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి. తర్వాత కోడ్ చెరిపేసి కాసేపు నడపండి. ఈసారి పి0302 వస్తే తప్పు కాయిల్‌దే, దానితోపాటే వెళ్ళిందన్నమాట. మళ్ళీ పి0303 వస్తే కాయిల్ బాగున్నట్టే. అప్పుడు ప్లగ్గులు అలాగే మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, దాని వైరింగ్, చివరికి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి సరిగా వస్తోందో లేదో చూడటం).

నాకు పి0302 వచ్చింది. ఆ కాయిల్ తీసి వెలుతురులో చూస్తే కింది రబ్బరు బూటు మీద, పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత. తేమ వల్ల కరెంటు ప్లగ్గు దాకా పోకుండా పక్కకి లీకైన దారి అది. ప్లగ్గు గుంతలో తడి కూడా ఉంది. దాన్ని గాలి కొట్టించి ఆరబెట్టి, రాణిగంజ్‌లో అదే పార్ట్ నంబరు చూసి ఒక్క కాయిల్ తెచ్చి వేశాను. మిగతా మూడూ ఇప్పటికీ పాతవే. మీ గుంతలో నీళ్ళకి బదులు ఆయిల్ కనిపిస్తే మాత్రం వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజిన్ పై మూత దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీలు) సంగతి చూడాలి. అది వదిలేసి కొత్త కాయిల్ వేస్తే అదీ పాడవుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. లైట్ నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు. లైట్ టపటపా వెలిగి ఆరుతుంటే మాత్రం బండి పక్కకి ఆపేయండి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది, దాని ఖరీదు ముందు కాయిల్ ఖర్చు లెక్కలోకే రాదు. ఈ విషయంలో నిర్లక్ష్యం చేసి తర్వాత బాధపడే వాళ్ళని చూస్తే నిజంగా మనసు కష్టంగా ఉంటుంది.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసి పెట్టుకోండి. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత అన్నవి అందులో ఉంటాయి, చెరిపేస్తే అవీ పోతాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే మిస్సింగ్ వస్తోందా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెట్టే మామూలు బ్లూటూత్ స్కానర్ ఈ పనికి సరిపోతుంది. పని అయ్యాక దాన్ని పీకేయండి, వదిలేస్తే నిలిపి ఉంచిన బండి బ్యాటరీ దిగిపోవచ్చు.

కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూశాక ఏ కోడ్ వచ్చిందో, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఏముందో ఇక్కడే రాయండి, తర్వాత ఏం చూడాలో చెప్తాను.